మెట్ల మీద పాసైన దేవుళ్ళు

మా వదిన దేవుళ్ళకి పేర్లు పెడుతుంది. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. మొదట్లో నేనూ నవ్వినదాన్నే. "ఉన్న దేవుళ్ళు చాలకనా?" అని బుగ్గలు నొక్కుకున్నాను. "ఉన్నవాళ్ళకి పేర్లున్నాయి కదే చిట్టీ, లేనివాళ్ళ సంగతి ఎవరు చూస్తారు?" అంది వదిన. 

చిట్టి అంటే నేనే. యాభై దాటాయి, మోకాళ్ళు కిర్రుమంటున్నాయి, అయినా చిన్నప్పుడు మా అన్నయ్య పిలిచిన పిలుపు అలాగే అతుక్కుపోయింది. మాది మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో అన్నయ్యా వదినా, కింద మెట్ల పక్క గదిలో నేనూ నా కుట్టు మిషనూ. కర్టెన్లు, సోఫా గలేబులు కుడతాను. ఎవరు పైకెళ్ళినా ఎవరు కిందికొచ్చినా నా కన్నుగప్పి పోలేరు. నాకు నోరెక్కువని అంటారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువని నేనంటాను.

వదిన పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో. డెంటిస్టులు మనుషుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వీళ్ళు వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు చేస్తారు. ఆ దవడ మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ దాని చోట నిలబెట్టి, చివరికి గులాబీరంగు చిగుళ్ళు పోతపోసి మెరుగు పెడతారు. వదిన బల్ల వెనక అరల నిండా తెల్లటి దవడలే. ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి హడలిపోయాను. "ఇన్ని నోళ్ళ మధ్య ఎలా కూర్చుంటావు వదినా?" అంటే, "ఇవేవీ మాట్లాడవుగా, హాయిగా ఉంటుంది. ఇంటికొస్తే ఎలాగూ నువ్వుంటావు" అంది. మా వదిన అంతే. నవ్వు మొహంతో, నెమ్మదిగా, అంటించాల్సింది అంటించేస్తుంది.

కొత్త పళ్ళ సెట్టు పెట్టుకున్నాక మాట తేడాగా వస్తోందని ఎవరైనా తిరిగొస్తే, వాళ్ళని వదిన దగ్గరికే పంపిస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. ఏ మాటకి నాలిక ఎక్కడ తగులుతోందో, పెదవి ఎక్కడ అందడం లేదో ఆవిడకి వింటేనే తెలిసిపోతుంది. అలా మాట్లాడించబోయి ఈ పేర్ల గొడవలో పడింది.

ఒకరోజు గడియారాలు బాగుచేసే మాస్టారు ఆ ల్యాబుకి దెబ్బలాటకి వచ్చాడు. ముందు పళ్ళు రెండు కొత్తవి పెట్టించుకున్నాడట, మాట్లాడుతుంటే ఈల వస్తోందట. "ఏ మాట దగ్గర వస్తోందండీ?" అని వదిన అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి, కాస్త సిగ్గుపడి, "సిస్సారస్సి" అన్నాడు. ఈల వచ్చింది.

"అదేం మాటండీ?"

"మా సముద్ర దేవతండీ."

ఇంకొకరైతే ఈయనకి పన్ను కాదు, పైన ఇంకేదో వదులైందనుకునేవారు. వదిన అలా అనుకోలేదు. పళ్ళు తీయించి, వెలుతురులో తిప్పి చూసి, "పళ్ళు బాగానే ఉన్నాయండీ. దేవత పేరే బాగాలేదు. సముద్రం ఒడ్డున గాలికి ఎదురు నిలబడి పిలిచే పేరు ఇంత సన్నగా ఉంటే ఎవరికి వినబడుతుంది? నోరు బార్లా తెరిచి పిలిచేలా ఉండాలి. ఆలోవా అనండి చూద్దాం" అంది.

"ఆలోవా" అన్నాడాయన. ఈల లేదు. పక్క బల్లల వాళ్ళు పని ఆపి తలెత్తి చూశారు. ఆయన వచ్చిన దెబ్బలాట మరిచిపోయాడు. "ఇంకా చాలామంది ఉన్నారండీ పేర్లు సరిగ్గా లేనివాళ్ళు" అని బతిమాలుకుని మరీ వెళ్ళాడు.

సంగతేమిటంటే, ఆ మాస్టారి దుకాణం వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడతారు. పేకాటా కాదు, చదరంగమూ కాదు. ఎక్కడా లేని ఒక రాజ్యం పటం బల్ల మీద పరుస్తారు. మాస్టారు కథ చెబుతుంటే మిగిలినవాళ్ళు అందులో తలా ఒక మనిషైపోతారు. ఒకరు మంత్రగాడు, ఒకరు పూజారి, ఒకరు దొంగ. "ఎదురుగా లోయ ఉంది, ఏం చేస్తావ్?" అంటాడు మాస్టారు. దూకుతానంటే పాచికలు వెయ్యాలి. పడిన అంకెని బట్టి అవతలికి చేరడమో, కాలు విరగ్గొట్టుకోవడమో. నలభై ఏళ్ళవాళ్ళూ అరవై ఏళ్ళవాళ్ళూ కూర్చుని, లేని లోయలో పడి నిజంగా ఉసూరుమంటారు. వాళ్ళ మంత్రగాడు మా వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టాయన. పొద్దున సంచీ మోసుకుంటూ తిరిగే ఆ మనిషి మధ్యాహ్నం అరిచేతిలో నిప్పు పుట్టిస్తాడు.

ఆ రాజ్యంలో ప్రతి పనికీ ఒక దేవుడో దేవతో ఉండాలట. వాళ్ళందరికీ పేర్లు పెట్టే పని వదిన నెత్తిన పడింది. పడింది అనకూడదులెండి, నెత్తికెత్తుకుంది. పేరంటే అందమైన శబ్దం అనుకునేది కాదు మా వదిన. ముందు అడిగేది, "ఈ దేవుణ్ణి ఎవరు పిలుస్తారు? ఏ పని చేస్తూ పిలుస్తారు?" అని. బరువులు మోసేవాళ్ళ దేవుడైతే ఆయాసంలో పలకగలిగేలా పొట్టి పేరు, హుమ్మ. దొంగల దేవుడైతే పెదవి కదపకుండా, పళ్ళు బిగించి పలికేలా ఇస్సెన్. నిద్ర దేవతైతే పలకడం పూర్తయ్యేసరికి నోరు దానంతట అదే మూతపడాలని ఊలమ్. పన్ను మీద మెరుగు పెడుతూ పెదాలు కదుపుతోందంటే, ఏదో దేవుడు తయారవుతున్నాడని ల్యాబులో అందరికీ తెలుసు.

తయారైన పేరుకి పరీక్ష మాత్రం మా ఇంటి మెట్ల మీదే. వదిన పై అంతస్తులో నిలబడి ఆ పేరు కేకేస్తుంది. కింద మిషను చప్పుడులో ఉన్న నేను, నన్నెవరో పిలిచారనుకుని తలెత్తానా, పేరు పాసైనట్టు. ఎత్తకపోతే ఆ దేవుడు ఇంటికే. "పిలిస్తే పలికేది తర్వాత, ముందు పిలవడానికి పనికి రావాలి కదే" అనేది. మధ్య అంతస్తులో ఉండే అద్దెవాళ్ళు, ఇంత పొద్దున్నే ఎవర్ని పిలుస్తున్నారని ఓ రోజు నన్ను ఆరాతీశారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ అని పంపించేశాను.

పేర్ల విషయంలో వదిన ఇంకెవర్నీ వేలు పెట్టనివ్వదు. పోస్టాయన ముచ్చటపడి పిల్లుల దేవతకి ఒక పేరు చెబితే, కాదనకుండా తలూపి, మరుసటి ఆదివారం తన పేరే పెట్టుకొచ్చింది. ఆయన కొన్నాళ్ళు మొహం ముడుచుకున్నాడు. ఇంత మెత్తని మనిషీ ఆ ఒక్క దగ్గర తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది.

ఇక మా అన్నయ్య సంగతి. వదిన ఒక్కతే ఆటకి వెళ్ళడమేమిటని మొదటిసారి తోడు వెళ్ళాడు, రెండోసారికి వదినకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడ్డాడు. కూరగాయల టోకు మార్కెట్లో వేలంపాట పాడటం ఆయన పని. గొంతంటే అలాంటిలాంటి గొంతు కాదు. ఆయన ఇంట్లో మంచినీళ్ళడిగితే వీధి చివరివాళ్ళు తెచ్చిస్తారని మా అమ్మ అనేది. ఆటలో పూజారి అవుతానన్నాడు. మూతపడ్డవాటిని తెరిచే దేవుడికి పూజారి. కోట తలుపులు, కొండ గుహలు, తాళం పోయిన పెట్టెలు, ఏదైనా సరే, పూజారి ఆ దేవుణ్ణి పిలిస్తే తెరుచుకోవాలి. "నోరు నిండే పేరు పెట్టవే" అని వదిన వెంటపడ్డాడు. వదిన చాలా రోజులు ఆలోచించి ధ్రగంభోర అని పెట్టింది. అది మెట్ల మీద నుంచి పిలిచిన రోజు నేను తలెత్తడమే కాదు, సూది వేలికి గుచ్చుకున్నాను. అన్నయ్య ఆ పేరు పిలిస్తే మాస్టారి దుకాణంలో గోడ గడియారాల అద్దాలు అదిరేవి.

ఆ బల్ల దగ్గర ఒక కట్టడి ఉంది, అది పెట్టింది కూడా అన్నయ్యే. పోస్టాయన తన వంతు వచ్చినప్పుడల్లా అదా ఇదా అని నాన్చుతుంటే విసుగొచ్చి, మాస్టారి అల్మారాలోంచి చిన్న ఇసుక గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. దేవుణ్ణి పిలిచేవాళ్ళు ఇసుక జారిపోయేలోగా, పూర్తి పేరు, పైకి పలకాలి. లేకపోతే దేవుడు రాడు. "వేలంలో లేని నాన్చుడు దేవుడి దగ్గరెందుకయ్యా" అన్నాడు. అప్పటినుంచి అదే చట్టం.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, ఒక ఉదయం మార్కెట్లో టమాటా బుట్టల ముందు, పాట మధ్యలో అన్నయ్య గొంతు ఆగిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆసుపత్రిలో అన్నారు.  ప్రాణం దక్కింది. కుడిచెయ్యి కాస్త చచ్చుబడింది, నడక మెల్లగా వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, బయటికొచ్చేసరికి ఏదో మూలుగు. నన్ను చూసి "చిట్టీ" అనబోయి "ఇ... ఇ..." అని ఆగిపోయినప్పుడు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇందులో దాచుకునేదేముంది.

మాట నేర్పే టీచరమ్మ ఒకావిడ ఇంటికొచ్చేది. చిన్న పిల్ల, ఓపికైన పిల్ల. బొమ్మల అట్టలు చూపించి, కప్పు అనండి, కుర్చీ అనండి అనేది. ఆయన చెమటలు కక్కుతూ ఏదో అనేవాడు. "మళ్ళీ" అనేది ఆ పిల్ల. ఆయన మళ్ళీ అనేవాడు. "మళ్ళీ." ఆ మాట వింటేనే ఆయన మెడ నరాలు ఉబ్బేవి. ఒకరోజు ఎడమ చేత్తో ఆ అట్టలన్నీ నేల మీదికి తోసేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నోరు తెరవడం మానేశాడు. కావలసింది వేలితో చూపించడం, అక్కర్లేనిది తలతో తోసెయ్యడం.

టీచరమ్మ నన్నూ వదిననీ గుమ్మం బయటికి పిలిచి చెప్పింది. "మాట తిరిగొచ్చే అవకాశం ఉందండీ. కానీ ప్రయత్నం చేస్తేనే. ఈ మొదటి నెలలే ముఖ్యం. ఇప్పుడు నోరు కట్టేసుకుంటే తర్వాత తెరుద్దామన్నా తెరుచుకోదు. తప్పో ఒప్పో, ఏదో ఒకటి పలికించండి."

పలికించండి అనడం తేలికే. గుర్రాన్ని నీళ్ళ దాకా తీసుకెళ్ళగలం గానీ తాగించగలమా? నేను బుజ్జగించాను, తిట్టాను, అలిగాను. "నువ్వు మాట్లాడకపోతే నేనూ మాట్లాడను" అని పంతం పట్టి, ఒక్క పూట కూడా ఉండలేక నేనే మాట్లాడేశాను. ఆయన కళ్ళతో నవ్వాడు గానీ నోరు తెరవలేదు.

వదిన ఆదివారం ఆటకి తీసుకెళ్దామంది. చెయ్యి పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను, వెళ్ళినదాన్ని ఊరికే ఉండనివ్వక నన్ను దొంగని చేశారు. అన్నయ్య తన కుర్చీలో కూర్చున్నాడు. కథలో మా ముందు ఒక రాతి తలుపు వచ్చింది. అందరూ అన్నయ్య వైపు చూశారు. మాస్టారు ఇసుక గడియారం తిప్పాడు. అన్నయ్య పెదాలు కదిలాయి, గొంతు కదిలింది, మొహమంతా ఎర్రబడింది. ఇసుక అయిపోయింది.

"పర్లేదు అన్నగారూ, దేవుడికి వినబడిందిలెండి. తలుపు తెరుచుకుంది" అన్నాడు మాస్టారు.

"అవునవును, మీకు ఆ కట్టడి ఎందుకండీ" అన్నాడు పోస్టాయన.

మంచి మనసుతోనే అన్నారు పాపం. అన్నయ్య లేచి నిలబడ్డాడు. కట్టడి పెట్టినవాడికే దాన్ని మినహాయిస్తే ఎలా ఉంటుంది చెప్పండి? ఇసుక గడియారాన్ని మాస్టారి ముందుకి తోసి, నా భుజం పట్టుకుని బయటికి నడిచాడు. దారంతా నా వైపు చూడలేదు.

ఆ వారమంతా వదిన పెదాలు కదులుతూనే ఉన్నాయి. అన్నయ్య నిద్రలో ఏ శబ్దం చేస్తున్నాడో, దగ్గితే ఏం వస్తోందో, చెవి ఒగ్గి వినేది. మరుసటి ఆదివారం ముందు రోజు ఆయన ఎదురుగా కూర్చుని, "ఏమండీ, మీకో కొత్త దేవుణ్ణి తెచ్చాను. తలుపుల దేవుడే, ధ్రగంభోరకి తమ్ముడనుకోండి. ఊబో. చాలా సులువు. పెదవులు కలిపి వదిలితే చాలు" అంది.

అన్నయ్య ఆవిడ వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం అయితే బాగుండేది. మనసు విరిగిన చూపు అది. ఎడమ చెయ్యి ఎత్తి, రెండు పెదాల మీదా అడ్డంగా పెట్టుకుని, తల పక్కకి తిప్పేశాడు. ఇక ఆటకి కూడా రానని సైగ చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎంత చేస్తోంది నీ కోసం, నీకేం పొయ్యేకాలం అన్నయ్యా!" అని ఎగిరాను. వదినే నన్ను మెట్ల మీదికి లాక్కొచ్చింది. మెట్ల మీద కూలబడి, "ఆయన్ననకు చిట్టీ. తప్పు నాది" అంది.

"నీ తప్పేముంది?"

"ఇన్నాళ్ళూ ఎవరు పిలుస్తారో చూసి పేరు పెట్టాను. ఇప్పుడేమో ఆయన నోటికి అచ్చు తీసి, కొలతకి సరిపోయే దేవుణ్ణి చేసిచ్చాను. పళ్ళ సెట్టు అనుకున్నానే! గోడలు అదిరేలా పిలిచిన మనిషి చేతిలో ఊబో పెడితే పుచ్చుకుంటాడా?" అని కళ్ళు తుడుచుకుంది. వదిన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.  పక్కన కూర్చుని వీపు నిమిరాను.

సోమవారం వదిన ల్యాబుకి వెళ్ళేముందు మాస్టారి దుకాణంలో ఆగింది. గడియారాల అద్దం మీదికి వంగి ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం కూరల సంచీతో పోతున్న నేను చూశాను. ఏమిటని అడిగితే, "ఆదివారం మీ అన్నయ్యని ఎలాగైనా తీసుకురా. నీ నోటికి పని చెప్పు" అంది. చెప్పాను. ఆ నోటి దెబ్బకి తట్టుకోలేకే వచ్చాడనుకుంటాను. గుమ్మం దగ్గర కుర్చీలో, ఇప్పుడే లేచి వెళ్ళిపోతానన్నట్టు అంచు మీద కూర్చున్నాడు.

మాస్టారు కథ మొదలెట్టాడు. రాతి తలుపు ఇంకా మూసే ఉందట, దాని ముందే రాత్రికి మజిలీ చేశామట. చలిమంట దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడట. బట్టలు చిరిగిపోయి, కాళ్ళు పుండ్లు పడి, మమ్మల్నెవర్నీ చూడకుండా తిన్నగా పూజారి ముందుకెళ్ళి నిలబడ్డాడట.

"పూజారీ," అన్నాడు మాస్టారు ముసలాయన గొంతుతో, "నేను నీ దేవుణ్ణయ్యా. పెద్ద జబ్బు చేసింది. లేచేసరికి నా పేరు నాకు గుర్తు లేదు. ఊరూరా అడిగాను, తలా ఒక పేరు చెబుతున్నారు, ఏదీ నాది కాదు. పాత పేరు నాకిక సరిపోదు, నేను ఆ పాత మనిషిని కాను. నన్ను రోజూ పిలిచినవాడివి నువ్వు. నువ్వేమని పిలిస్తే అదే నా పేరు. పేరు లేకపోతే నేనే తలుపూ తెరవలేను."

నేను వదిన వైపు చూశాను. పేర్ల దగ్గర ఎవర్నీ వేలు పెట్టనివ్వని మనిషి, పెదాలు కదపకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అన్నయ్య కూడా ఆవిడ వైపే చూశాడు. "నాకేం తెలియదండీ. నన్ను చూస్తారేం, అడిగింది మిమ్మల్ని" అంది వదిన.

మాస్టారు ఇసుక గడియారాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. "దేవుడే అడుగుతున్నాడు కదా, ఆయనకి తొందరేం లేదు" అన్నాడు.

అన్నయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఎడమ చెయ్యి చాపి, ఆ గడియారాన్ని లేపి, తనే తలకిందులు చేసి నిలబెట్టాడు. ఇసుక జారడం మొదలైంది.

 ఆయన నోరు తెరిచాడు. ధ్రగంభోరే అనబోయాడని నాకు తెలుసు. మొదటి ముక్క రాలేదు. గొంతులో ఏదో గరగరలాడింది. పోస్టాయన తల వంచుకున్నాడు. ఇసుక అడుగంటుతోంది. అన్నయ్య కళ్ళు మూసుకుని, ఊపిరంతా కూడదీసుకుని, మార్కెట్లో చివరి పాట పాడినట్టు ఒక్క కేక పెట్టాడు.

కాగితం మీద రాయమంటే దాన్ని ఇలా రాయగలను: గ్హంవోల్. కానీ అది అలా లేదు. గొంతు అడుగున మొదలై, మధ్యలో ఒకసారి మింగుడు పడి, నోటి ఎడమ పక్కనుంచి బయటికొచ్చింది. గోడ మీది గడియారాల అద్దాలు అదిరాయి. నేను చెవులారా విన్నాను.

 మాస్టారు ముసలాయన గొంతుతో, "అదే... అదే నా పేరు" అన్నాడు. తర్వాత, రాతి తలుపు తెరుచుకుందని చెప్పాడు.

కథ అక్కడితో ఆగితే బాగానే ఉండేది. పోస్టాయన పుణ్యమా అని ఆగలేదు. లోపల ఇంకో తలుపు ఎదురైంది. అన్నయ్య అలిసిపోయి ఉంటాడని, "ఈసారి నేను పిలుస్తానుండండి" అని ఇసుక తిప్పి, "ఘంబోల్!" అన్నాడు.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"గహం... గంహోల్?"

మళ్ళీ అడ్డంగా ఊపాడు. ఇసుక అయిపోయింది, తలుపు తెరుచుకోలేదు. ఇదేదో నేను చేస్తానని పళ్ళు బిగించాను. ఆటలో నాకు తాళాలు తీయడమే పని మరి. "గంవోలు!" అన్నాను గట్టిగా.

"కాదు" అన్నాడు అన్నయ్య.

 కాదు. తేటగా, పుల్ల విరిచినట్టు అన్నాడు. అన్నానని ఆయనకే తెలియలేదు. ఆయన ధ్యాసంతా, తన దేవుడి పేరు నేను పాడుచేస్తున్నాననే. నా వైపు వేలు చూపించి, పెదాలు సాగదీసి, ఆ టీచరమ్మ మాటే అందుకున్నాడు.

"మ... మళ్ళీ."

"గహోంవల్" అన్నాను. ఏడుస్తూ అన్నాను, ఇంకేం సరిగ్గా వస్తుంది?

"కాదు. మళ్ళీ."

అందరం వరసగా ప్రయత్నించాం. మాస్టారికి కొత్త పళ్ళు అడ్డొచ్చాయి. వదిన, ఏ శబ్దం నోట్లో ఎక్కడ పుడుతుందో వినగానే చెప్పే మా వదిన, బుగ్గలో వేలు పెట్టుకుని, నాలిక మడిచి, ఎడమ పక్కకి ఎంత నెట్టినా ఆవిడకీ రాలేదు. "ఇన్ని పేర్లు పెట్టాను, ఇలాంటిది నా వల్ల కాలేదండీ" అని ఆయన మోకాలి మీద తల ఆనించి పడీ పడీ నవ్వింది. అన్నయ్య ఎడమ చేత్తో ఆవిడ తల మీద చిన్న మొట్టికాయ వేసి, "మళ్ళీ" అన్నాడు.

ఇది జరిగి చాన్నాళ్ళైంది. అన్నయ్యకి ఇప్పుడు మాటలు చాలానే వచ్చాయి, కొన్ని వంకర, కొన్ని సగం. మార్కెట్లో వేలం పాడలేడు, కొత్తగా పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళని సరిదిద్దుతాడు. టీచరమ్మని కూడా వదల్లేదు, ఆవిడ ఒక అట్ట చూపిస్తే ఆయన ఒకసారి దేవుడి పేరు చెప్పిస్తాడు. వదిన దగ్గర ఇంకా పేర్లు లేని దేవుళ్ళు ఉన్నారు, వాళ్ళ పరీక్షలు మెట్ల మీద మామూలుగానే జరుగుతున్నాయి.

ఈ ఉదయం నేను మిషను మీద ఉన్నాను. పరదా అంచు సరిగ్గా రాక చిరాకులో ఉన్నాను. పైనుంచి గ్హంవోల్ అని కేక వినబడింది. మిషను ఆపి తలెత్తాను. మెట్ల దగ్గరికెళ్ళి, కటకటాలు పట్టుకుని, నాకు చేతనైనట్టు నేనూ పిలిచాను.

"కాదు చిట్టీ" అన్నాడు అన్నయ్య మూడో అంతస్తు నుంచి. "మళ్ళీ."

ఈ ఇంట్లో నన్ను పని చేసుకోనివ్వరు. గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచాను.